వేరుశనగ ఆకుముడత పురుగు, దాని బంధువర్గము

అమరాపురము, మడకశిర, హిందూపురము ప్రాంతములలో వానను నమ్ముకొని సేద్యము చేయువారికి వేరుశనగ ముఖ్యమైన పైరు. తెలుగిండ్లలో శనక్కాయ యనియు, కన్నడపు టిండ్లలో కడలెకాయి యనియు పిలువబడు ఈ పైరును జూన్, జూలై నెలలలో విత్తుదురు. పిమ్మట మూడు నాలుగు వారములు వాన లేక బెట్ట యేర్పడినచో, పచ్చగా నుండవలసిన చేను దూరమునకు నిప్పు తగిలినట్లు గోధుమవన్నెతో కనబడుట కలదు. ఇది ఎండచేతనే కలిగినదని పలువురు తలంతురు. ఎండయు కొంతవరకు కారణమే. కాని చేనిలో దిగి యొక రెమ్మను త్రుంచి చూడుడు. ఆకులు మధ్యకు మడువబడి, సన్నని పట్టుదారములతో అతుకబడి యుండును. మడత విప్పినచో లోపల నల్లని తల గల చిన్న పురుగు మెదలుచుండును. ఆకు పోయిన మొక్కకు కాయ ఊరదు. కట్టె పశువుల మేతకు చాలదు. సంసారికి నూనెగింజయు, ఎద్దులకు గ్రాసమును ఒక్కసారిగా తగ్గిపోవును గనుక, ఇంత చిన్న ప్రాణిని గూర్చి ఇంత వివరముగా వ్రాయుచున్నాము.

దీనికి తల్లియైన రెక్కల పురుగు పావు అంగుళము పొడవైనను ఉండదు. బూడిదవన్నె కలసిన గోధుమరంగు. ముందురెక్క అంచున చిన్న తెల్లని మచ్చ. పగలు ఆకులమాటున నుండి రాత్రివేళ ఎగురును, దీపమునకు వచ్చును. ఆడుది ఆకుల అడుగుభాగమున ఒక్కొక్క గ్రుడ్డును వేరువేరుగా పెట్టును. మూడు నాలుగు దినములలో పిల్ల వెలువడి, ఆకు పైపొరకును క్రిందిపొరకును నడుమ తొలుచుకొనిపోయి, లోని పచ్చని పదార్థమును తినును. అప్పుడు ఆకుపై చిన్న గోధుమరంగు బొబ్బ కనబడును. ఐదారు దినములకు ఆ యిల్లు ఇరుకై, పురుగు బయటకు వచ్చి, దారము తీసి ఆకును మడచుకొనును. లేదా రెండు మూడు ఆకులను చేర్చి కుట్టుకొనును. ఆ మడతలోనే తిని, పెరిగి, కోశముగా మారి, తుదకు రెక్కలతో వెలువడును. గ్రుడ్డు మొదలు రెక్కలవరకు ఇంచుమించు మూడు నాలుగు వారములు. కావున ఒక్క పైరుకాలములోనే మూడు నాలుగు తరములు గడచును. లెక్కలయందు ఆసక్తిగల విద్యార్థులు ఇట్లు చూడవచ్చును: ఆడుది పెట్టు నూటికి పైబడిన గ్రుడ్లలో 20 మాత్రమే బ్రదికి, వానిలో సగము ఆడువైనచో, రెండవ తరమునకు 200, మూడవ తరమునకు 2,000 అగును. పెద్దవాన కురిసినచో ఈ లెక్క తప్పిపోవును. బెట్ట నిలిచినచో నిజమగును.

శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేళ్ల కథ చిత్రమైనది. జావా ద్వీపమున దొరికినదానిని 1904లో డెవెంటర్ అను నతడు మోడిసెల్లా యని వర్ణించెను. 1906లో ఎడ్వర్డు మెయిరిక్ అను ఆంగ్లేయుడు మరియొక పేరు పెట్టెను. ఈ మెయిరిక్ వృత్తిచే పాఠశాల ఉపాధ్యాయుడు! మార్ల్‌బరో కళాశాలలో గ్రీకు, లాటిను భాషలు బోధించుచు, తీరికవేళల ఇండియా, సింహళము మొదలగు దేశములనుండి వచ్చిన చిన్న చిన్న రెక్కల పురుగులను పరీక్షించి, 1938లో మరణించునాటికి 10,000కు మించిన జాతులను లోకమునకు తెలిపెను. మన పుస్తకములలో నేడును కనబడు పేరు అప్రొయెరీమా మోడిసెల్లా. 1852లో జెల్లర్ దక్షిణ ఆఫ్రికానుండి వర్ణించిన పురుగును ఇదియు నొకటేయని ఇటీవలి పరిశోధకులు కొందరి మతము.

ఇక బంధువుల మాట. ఆకును మడుచునవన్నియు ఒక కుటుంబము కావు. వరి ఆకుముడత పురుగును, హిందూపురపు మల్బరీ తోటలలో చిగురాకులను చుట్టు పురుగును ఒండొంటికి దగ్గరివే గాని, మన వేరుశనగ పురుగునకు దూరపువి. కంది చిగుళ్లను చుట్టునది టార్ట్రిసిడే యను మరియొక కుటుంబమునకు చెందును. ఆ పేరునకు మూలమైన లాటిను మాటకు మెలిపెట్టునదని యర్థము. సువార్తలో బట్టలను తినివేయునదిగా చెప్పబడిన చిమ్మట వేరొక వంశముది. పని యొకటియైనంతమాత్రమున రక్తసంబంధము కలుగదు గదా.

వేరుశనగ పురుగు కుటుంబము పేరు గెలికియిడే. ఈ కుటుంబపు గుర్తులు రెండు: నోటియొద్దనుండి కొడవలివలె వంగి తలపైకి లేచు రెండు స్పర్శాంగములు, కొనయొద్ద లోపలికి నొక్కుకొనిపోయి, పొడవైన కుచ్చు అంచుగల వెనుకరెక్క. ఈ గుర్తులతో వెదకినచో మన రైతునకు పరిచితులైన శత్రువులే బంధువులుగా తేలుదురు. ప్రత్తికాయలో దూరి గింజను తిను గులాబిరంగు పురుగు వీనిలో నొకటి. బరోడాకు దక్షిణమున నున్న భరూచి ప్రాంతపు ప్రత్తిలో దొరికినదానిని 1844లో సాండర్సు వర్ణించెను. గాదెలలోని ధాన్యమున ఒక్కొక్క గింజలో ఒక్కొక్క పురుగు దాగి, పైన పలుచని పొరను మాత్రము తలుపువలె మిగిల్చి, రెక్కలు వచ్చినపిదప దానిని త్రోసికొని వెలువడు చిమ్మట మరియొకటి. ఫ్రాన్సులో ఆంగుమువా మండలమున ఇది చేసిన నాశనమును గూర్చి 1762లోనే ఇద్దరు పండితులు పుస్తకము వ్రాసిరి. బంగాళదుంప పురుగు 1906లో ఇటలీనుండి వచ్చిన విత్తనపు దుంపలతో బొంబాయి రాష్ట్రము చేరెను. దక్షిణ అమెరికాలో పుట్టిన టమాటా పురుగు మనదేశమున 2014లో మహారాష్ట్రమునందు కనబడి, పిమ్మట దక్షిణమునకు వ్యాపించెను.

వీని నన్నిటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక స్వభావము స్పష్టమగును. ఆకు పొరలలోనో, మడతలోనో, కాయలోనో, గింజలోనో, దుంపలోనో దాగి తినుటయే ఈ వంశపు ఆచారము. చేను ఎండినట్లు కనబడిన పిమ్మట పైపైన మందు చల్లినచో, మడతలోని పురుగునకు అది చక్కగా తగులదు. బయట తిరుగు మేలుచేయు కీటకములకు మాత్రము తగులును. ఇదియే రైతులు తరచుగా నష్టపోవు చోటు. విత్తిన మూడు నాలుగు వారములనుండియే ఆకులపై బొబ్బలను వెదకుట, రాత్రులందు దీపపు ఎర పెట్టి తల్లి పురుగులు ఎంత వచ్చుచున్నవో చూచుట ఆవశ్యకము. వేరుశనగ తరువాత మరల వేరుశనగనే వేయక జొన్న, సజ్జ, రాగి వంటి పైరు మార్చుటయు మేలు. సోయాచిక్కుడు ఈ పురుగునకు ఇష్టమైన ఆహారము గనుక, దానిని మార్పిడి పైరుగా నెంచరాదు.

మేలుచేయు కీటకములంటిమి గదా. అందు ముఖ్యమైనవి కందిరీగల జాతికి చెందిన అతి చిన్న ప్రాణులు. ఇవి మడతలోని పురుగును పసిగట్టి, దానిపైననో దానిలోపలనో గ్రుడ్లు పెట్టును. వాని పిల్లలు ఆ పురుగునే తిని పెరుగును. దీనిని కండ్లార చూడగోరు విద్యార్థులు మడతపడిన ఆకులుగల రెమ్మలు పది తెచ్చి, గాజుసీసాలో నుంచి, మూతికి పలుచని గుడ్డ కట్టి, రెండు వారములు గమనింపవచ్చును. ఆకులు కుళ్లకుండ అడుగున పొడి కాగితము వేయవలెను. కొన్ని మడతలనుండి బూడిదవన్నె రెక్కల పురుగు వచ్చును. కొన్నిటినుండి సన్నని నడుముగల ఈగవంటిది వచ్చును. ఏవి ఎన్నియో తేదీలతో వ్రాసి యుంచి, ఇంటి పెద్దలకు చూపుడు. ఈగవంటివి హెచ్చుగానున్న చేనికి మందు కొట్టుటకు ముందు వారు కొన్నాళ్లు ఆగి చూడవచ్చును.