గోధుమ లేని పండుగ తీపి: పిల్లలతో రాగి బిస్కట్లు, పాల ఐసు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతములలో ఉగాది వచ్చినదనగా ప్రతి యింటను ఓళిగల పెనము పొయ్యి మీదికెక్కును. పప్పు, బెల్లము లోపల, మైదాపిండి పైన. కొన్ని గ్రామములలో పంచాయతీవారు చావడి యొద్ద పిల్లలందరిని కూర్చుండబెట్టి తీపి పంచు మంచి వాడుక కూడ కలదు. పెనుకొండకు సమీపమున నున్న ఒక పల్లెలో అట్టి పంపకమునకు మేమును వెళ్లితిమి. ఓళిగలు, రవ్వకేసరి, పిల్లల కోరికపై కోను ఐస్‌క్రీములు తెప్పించిరి. వరుసలో ఎనిమిదేండ్ల బాలుడొకడు చేతులు వెనుకకు పెట్టుకొని నిలుచుండెను. ఎందుకని అడుగగా వాని అవ్వ ముందుకు వచ్చి, "గోధుమ తింటే వీనికి కడుపు పాడయితాది సామీ, డాక్టరు వద్దన్నాడు. చూసి పోతాడులే" అని చెప్పెను.

ఆనాడు ఆ చావడిలో వానికి పెట్టదగిన వస్తువు ఒక్క అరటిపండు తప్ప మరేమియు లేదు. చేసినవారిలో ఎవ్వరికిని చెడు తలంపు లేదు. ఎవ్వరికిని తోచలేదు, అంతే. ఆ మీదట మేము కొందరు తల్లులతోను, బడి పిల్లలతోను కలిసి, గోధుమ పొడి సోకని పండుగ తీపి ఒకటి పల్లెలో చేయవచ్చునా యని ప్రయత్నించితిమి. చేయవచ్చునని తేలినది. ఆ విధానమే ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా జబ్బును గురించి కొంత తెలియవలెను. గోధుమపిండిని నీటితో తడిపి పిసికినచో సాగెడు జిగురు ఏర్పడును. ఈ మాంసకృత్తునకు గ్లూటెన్ అని పేరు. గోధుమలోనే గాక బార్లీలోను, రై అను చలిదేశపు ధాన్యములోను ఇట్టిది కలదు. సీలియాక్ అను వ్యాధి గల పిల్లలకు ఈ జిగురు చిన్నప్రేవు లోపలి పొరను దెబ్బతీయును. తిన్న అన్నము ఒంటబట్టదు. విరేచనములు మానవు, పొట్ట ఉబ్బును, ఎదుగుదల ఆగును, మందులిచ్చినను రక్తహీనత తగ్గదు. ఇది అంటువ్యాధి కాదు. దీనికి నేటికిని మందు ఒక్కటే: ఆ జిగురు గల ధాన్యములను జీవితాంతము మానుట. ఈ సంగతి కనుగొన్నది నెదర్లాండ్స్ దేశపు పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డిక్కె. రొట్టె మీద ఆయనకు యుద్ధమునకు ముందే అనుమానము కలదు. 1944-45 చలికాలమున ఆ దేశమున ఘోరమైన కరవు వచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ వ్యాధిగల పిల్లలు కోలుకొనిరి. రొట్టె మరల రాగానే మరల జబ్బుపడిరి. ఆయన పరిశోధన గ్రంథము 1950లో వెలువడినది.

ఈ వ్యాధి ఉత్తర భారతమున హెచ్చు, దక్షిణమున తక్కువ. తక్కువగుట చేతనే మన పల్లెలలో దీనిని ఎవరును తలపెట్టరు. "పిల్లవానికి దిష్టి తగిలినది" అని ఊరకుందురు. అయితే సభ్యులకు ఒక హెచ్చరిక. అనుమానము కలిగినంతనే గోధుమ మాన్పించి కూర్చుండరాదు. బిడ్డ గోధుమ తినుచుండగనే రక్తపరీక్ష చేయింపవలెను. ముందే మాన్పించినచో పరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చును. వైద్యుడు నిర్ణయించిన పిదపనే పథ్యము.

పథ్యమనగా గోధుమ రొట్టె మానుట మాత్రమే కాదు. మైదా, బొంబాయి రవ్వ, సేమియా గోధుమ బిడ్డలే. బజారులోని కూటు ఇంగువలో గోధుమపిండి కలుపుట సామాన్యము. బార్లీ మాల్టు పానీయములు పనికిరావు. ఐస్‌క్రీమునకు దోషము లేకపోయినను దానిని పట్టిన కోను మైదాతో చేసినదే. పొట్లము కొన్నప్పుడు చీటీ చదువవలెను. గ్లూటెన్ లేనిదని వ్రాసి అమ్ము పదార్థములో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని మన దేశపు ఆహార ప్రమాణముల నియమము.

కిలోకు 20 మిల్లీగ్రాములనగా ఎంత స్వల్పమో ఆలోచింపుడు. అందుచేతనే పిండిమర సంగతి ముఖ్యమైనది. మనము నమ్మి రాగులు తీసికొని పోయెదము. మరవాడు అంతకు ముందే ఎవరివో గోధుమలు విసరి యుండును. రాళ్ల నడుమను, గొట్టములోను నిలిచిన గోధుమపిండి మన రాగిపిండిలో దిగును. మా మొదటి ప్రయత్నమున మేమే ఈ పొరపాటు చేసితిమి; పిండి తెచ్చిన తరువాత ఒక తల్లి అడిగినందున బయటపడి, ఆ పిండిని ఆ బాలునికి పెట్టక మానితిమి. మర యజమానితో మాటాడి, వారములో ఒక దినము ఉదయమున మరను దులిపించి, ముందుగా రెండు మూడు కిలోల బియ్యము విసరి ఆ పిండిని వేరు చేసి, ఆ పిమ్మట రాగులు, కొర్రలు మాత్రమే ఆడునట్లు చేసికొనుట మేలు. అంతకంటె నిశ్చింతయైనది ఇంటి తిరుగలి. గోధుమ ఎన్నడును విసరని తిరుగలి ఏదైన యున్నచో దానిని ఈ పనికి ప్రత్యేకించుకొనవచ్చును. జల్లెడ కూడ వేరుగా నుండవలెను. జల్లెడ కన్నములలో చిక్కిన పిండిని కడిగి వదిలించుట కష్టము.

ఇక ధాన్యమునకు మనకు కొరత లేదు. రాగి, కొర్ర, సామ, జొన్న, వరి, వీటిలో దేనిలోను గ్లూటెన్ లేదు. సంగటి తిని పెరిగిన సీమ మనది. తరువాతి కాలమున మెట్టచేలలో వేరుశెనగ వ్యాపించి చిరుధాన్యములు వెనుకబడినవి. అవి మరల వచ్చుచున్న జాడలు కలవు. చెన్నేకొత్తపల్లి యొద్ద 1990లో ఆరంభమైన టింబక్టు కలెక్టివ్ అను సంస్థ, 2008లో ఏర్పడిన ధరణి అను రైతుల సహకార సంఘము ఈ ప్రాంతమున చిరుధాన్యముల సాగునకు, అమ్మకమునకు పాటుపడినవి. 2023ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఆ యేటి మార్చిలోనే మన రాష్ట్రపు బడులలో మధ్యాహ్న భోజనమునకు తోడుగా రాగిజావ ఇచ్చుట మొదలైనది. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం కలదు. పాలిష్ పట్టిన బియ్యములో అందు పదవవంతు కూడ లేదు. కాని పిల్లలు దీనిని విని తినరు. రుచి యుంటే తిందురు.

పన్నెండు మందికి సరిపోవు కొలత యిది. రాగిపిండి 200 గ్రాములు, బియ్యపు పిండి 30 గ్రాములు, వేయించి పొట్టు తీసి పొడి చేసిన వేరుశెనగలు 50 గ్రాములు, బెల్లపు పొడి 110 గ్రాములు, నెయ్యి 100 గ్రాములు, కాచి చల్లార్చిన పాలు రెండు మూడు చెంచాలు, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు, పావు చెంచా వంటసోడా. బెల్లమునకు హిందూపురం సంత మనకు దగ్గరనే కలదు; ముదురు రంగు బెల్లమైనచో రుచి మిన్న. ఇసుక తగులకుండ జల్లించుకొనవలెను. వేరుశెనగ కొందరు పిల్లలకు పడదు, పాలు కొందరికి పడవు. తల్లులను ముందుగా అడిగి తెలిసికొనవలసినది గోధుమ నొక్కదానిని గూర్చియే కాదు.

రాగిపిండిని సన్నని సెగపై కమ్మని వాసన వచ్చువరకు ఐదారు నిమిషములు వేయించి చల్లార్చవలెను. నేతిలో బెల్లపు పొడి వేసి తెల్లబారునట్లు గిలకొట్టి, తక్కినవన్నియు కలిపి, చివర పాలు కొంచెము కొంచెముగా చిలకరించి ముద్ద చేయవలెను. ఇచ్చటనే మా మొదటి వాయి చెడినది. గోధుమపిండికి జిగురు కలదు గనుక ముద్ద తనంతట తాను నిలుచును. రాగిపిండికి అది లేదు. వెంటనే ఒత్తిన బిస్కట్లు పెనము మీదనే పొడిపొడియైనవి. పిల్లలు నవ్విరి, ఆ పొడిని మాత్రము వారే తినివేసిరి. ఆ పల్లెలోని ఒక పెద్దమ్మ, "సంగటికి ఎసరు తాగనిచ్చినట్లు దీనిని గూడ నాననీయండి" అని చెప్పినది. ముద్దపై తడిగుడ్డ కప్పి ఇరువది నిమిషములు ఉంచగా పిండి తడిని పీల్చుకొని దగ్గరపడినది. బియ్యపు పిండి, వేరుశెనగ పొడి పట్టు నిచ్చును. అప్పటినుండి విరుగలేదు.

ముద్దను ఇరువది నాలుగు ఉండలుగా చేసి, పావు అంగుళము మందమున గుండ్రముగా ఒత్తవలెను. పిల్లలకు విడువవలసిన పని యిదియే. ధర్మవరం పట్టుచీరల అంచులు చూచిన పిల్లలు గనుక చెంచా అంచుతో గీతలు, మామిడి పిందెలు వారే వేసిరి; ఒకడు లేపాక్షి నందిని వేయబోయి కుక్కను చేసినాడు. అందరిది ఒకే మందముగా నుండునట్లు మాత్రము పెద్దలు చూడవలెను. పలుచనిది మాడును, మందమైనది లోపల పచ్చిగా నుండును.

పల్లెలో కాల్చు పొయ్యి లేదని వెనుదీయ నక్కరలేదు. అడుగు మందముగల పెద్ద గిన్నెలో అంగుళము ఎత్తున శుభ్రమైన ఇసుక గాని, దొడ్డుప్పు గాని పరచి, నడుమ చిన్న కుదురు పెట్టి, మూతవేసి పది నిమిషములు వేడిచేయవలెను. నెయ్యి రాసిన పళ్లెములో బిస్కట్లు పేర్చి కుదురుపై నుంచి మూసి సన్నని సెగపై పదునైదు మొదలు పదునెనిమిది నిమిషములు కాల్చవలెను. వేడిగా నున్నప్పుడు మెత్తగా తోచును. వానిని తాకరాదు; చల్లారిన పిమ్మట గట్టిపడును. నిప్పు యొద్దకు పిల్లలను రానీయరాదు.

పాల ఐసునకు లీటరు చిక్కని పాలను సగమగువరకు మరగించి, 80 గ్రాముల పంచదార, ఏలకులు వేసి బాగుగా చల్లార్చవలెను. శీతల పెట్టె యున్నవారికి చిక్కు లేదు. లేనిచోట మంచుగడ్డ, ఉప్పు చాలును. పెద్ద బొక్కెనలో కొట్టిన మంచు మూడు పాళ్లు, దొడ్డుప్పు ఒక పాలు కలిపి, పాలు పోసి గట్టిగా మూసిన స్టీలు డబ్బాను అందులో దించి త్రిప్పుచుండవలెను. ఉప్పు కలిసిన మంచు సున్న డిగ్రీల వద్ద నిలువక ఇంకను క్రిందికి దిగును. మంచు కరుగుటకు వలయు వేడిని పాలనుండి లాగుకొనును. "ఉప్పేస్తే మంచు కరిగిపోతాది గదా, మళ్లీ చల్లగెట్లయితాది?" అని ఒక బాలిక అడిగినది. ఆ ప్రశ్న కొరకే పిల్లలచేత ఈ పని చేయించవలెను. ఉష్ణమాపకము ముంచి చూపిన మరియు మంచిది.

పది నిమిషముల కొకసారి మూత తీసి అంచులకు కట్టిన ఐసును గీకి కలిపినచో ముప్పాతిక గంటలో చిక్కబడును. ఉప్పుమంచు చేతులను కాల్చినట్లు చేయును గనుక గుడ్డ చుట్టి త్రిప్పవలెను. ఫ్యాక్టరీ మంచుగడ్డ త్రాగు నీటితో చేసినది కాకపోవచ్చును; ఒక్క చుక్క కూడ పాలలో పడరాదు. చిక్కబడిన దానిని పళ్లెములో అర అంగుళము పొరగా పరచి, పళ్లెమును బిగువైన మూతగల డబ్బాలో నుంచి, క్రొత్త మంచు, ఉప్పుల నడుమ మరి ఒక గంట ఉంచి, బిస్కట్టు ఒత్తిన గిన్నెతోనే గుండ్రములు కోసి, రెండు బిస్కట్ల నడుమ నిలుపవలెను.

పంచాయతీ చేయవలసినది పెద్దగా లేదు. పండుగకు వారము ముందు అంగన్‌వాడీ కార్యకర్తను, బడి ఉపాధ్యాయుని పిలిచి, ఏ బిడ్డకు ఏది పడదో జాబితా వ్రాయించుట ఒకటి. మర యజమానితో దినము నిర్ణయించుట ఒకటి. పంచాయతీల అభివృద్ధి ప్రణాళికలలోని తొమ్మిది ఇతివృత్తములలో బాలల హిత గ్రామము ఒకటి గనుక, ఈ విషయమును గ్రామసభలో ఎత్తుటకు అడ్డు లేదు. ఒక ముఖ్య సూచన: గోధుమ పడని బిడ్డకు వేరుగా ఒక పొట్లము ఇచ్చి పంపుట మాకు నచ్చలేదు. పంపకములో ఆ పూట తీపి అందరికి ఇదియే కావలెను. ఓళిగలు ఇండ్లలో ఎట్లును ఉండును. పంచు బల్లపై రెండును ప్రక్కప్రక్కన పెట్టినచో ఓళిగ పట్టిన చేతితోనే దీనిని తీసి యిత్తురు. మనము పడిన శ్రమయంతయు వృథా.

మరుసటి ఉగాదికి ఆ బాలుడే ఇసుక గిన్నెకు కావలి కూర్చుండి, నిమిషములు లెక్కించినాడు. తనది తినుటకు ముందు అవ్వకు ఒకటి తీసికొనిపోయి యిచ్చినాడు. ఆమె పండ్లు జివ్వుమని సగము మాత్రమే తిన్నది.

ఐసు కూర్చినవి ఆ పూటనే తినవలెను. బిస్కట్లు మాత్రము గాలి చొరని డబ్బాలో వారము దినములు నిలువయుండును. ఆ డబ్బాలో అంతకు ముందు గోధుమపిండి గాని, బజారు బిస్కట్లు గాని పోసి యుండరాదు.