గేదె చూడిని రక్తపరీక్షచే ముందుగా తెలిసికొనుట

ఒట్టిపోయిన గేదెను మేపుట రైతునకు భారమే. అయినను అది చూడిదై యున్నచో ఆ వ్యయము రాబోవు పాడికి పెట్టుబడి యగును. చూడి లేదని యెఱుగక మేపుటయే నిజమైన నష్టము. ఆ నష్టమును తగ్గించు మార్గమును గూర్చి యిచట వ్రాయుచున్నాము.

గేదె సుమారు 21 దినముల కొకసారి ఎదకు వచ్చును. చూడి కట్టినది మొదలు ఈనుటకు సుమారు 310 దినములు పట్టును. కట్టించిన పిదప మరల ఎదకు రానిచో చూడి నిలిచినదని మనవారు తలంతురు. గేదె విషయమున ఈ గుర్తును నమ్మరాదు. దానికి వచ్చునది తఱచుగా మూగ ఎద. వేసవిలో లక్షణములు మఱింత మందగించును. రాత్రివేళ వచ్చి తెల్లవాఱునప్పటికి తగ్గిపోవుటయు కలదు. విచారింపక దానిని చూడిదని యెంచుట, ఎద్దు ఈనినదనగా దూడను కట్టివేయుమన్నట్లే. మూడు మాసములు ఎదురుచూచి తుదకు వట్టిదని తెలిసికొన్నచో నాలుగు ఎదలు చేజాఱినట్లే.

రక్తము చెప్పు సాక్ష్యములు ముఖ్యముగా రెండు.

1. ప్రొజెస్టిరోన్: అండము విడివడిన చోట అండాశయముపై ఒక బుడిపె యేర్పడి ఈ పదార్థమును రక్తములోనికి విడుచును. చూడి నిలువనిచో తరువాతి ఎదనాటికి ఆ బుడిపె కృశించి, పదార్థము తగ్గిపోవును. కావున కట్టించిన 21 మొదలు 24 దినములలో పరీక్షించినపుడు ఇది తక్కువగా నున్నచో గేదె వట్టిదని దాదాపు నిశ్చయముగా చెప్పవచ్చును. హెచ్చుగా నున్నంతమాత్రమున చూడిదని చెప్పరాదు. ఎద దినమును పొరపాటుగా గుర్తించినను, గర్భకోశమున వ్యాధి యున్నను హెచ్చుగానే కనబడవచ్చును. పాలలోను దీనిని పరీక్షింపవచ్చును.

2. మాయనుండి పుట్టు మాంసకృత్తులు: మాయలోని కొన్ని కణములు వీనిని పుట్టించి తల్లి రక్తమునకు చేర్చును. ఆవులలో ఇట్టి మాంసకృత్తును అమెరికా శాస్త్రజ్ఞులు 1982లో వెల్లడించిరి. పిండము ఏర్పడనిదే ఇవి పుట్టవు గనుక మొదటిదానికన్న ఇది బలమైన సాక్ష్యము. కట్టించిన సుమారు ఒక మాసమునకు ఇవి తెలియవచ్చును. ఐనను ఈనిన పిమ్మట కొన్ని వారములవఱకు పాత చూడి తాలూకు శేషము రక్తములో నుండును. పిండము చచ్చినను కొన్నాళ్లు నిలుచును. ఆవుల కొఱకు చేసిన పరీక్షాసామగ్రి గేదెకు సరిపోవునో లేదో పశువైద్యుని అడిగి తెలిసికొనవలెను.

రైతులు గమనింపవలసినవి:

అ) ఈనిన తేదీని, కట్టించిన తేదీని తప్పక వ్రాసి యుంచవలెను. తేదీ తెలియని రక్తము సరియైన సాక్ష్యము చెప్పజాలదు.

ఆ) రక్తమును మెడనరమునుండి గాని తోక నరమునుండి గాని పశువైద్యుడే తీయవలెను.

ఇ) వట్టిదని తేలినచో చింతింపక, తరువాతి ఎదను ఉదయము, సాయంకాలము, రాత్రి కనిపెట్టి మరల కట్టింపవలెను.

ఈ) చూడిదని తేలినను 60 మొదలు 90 దినములలో చేతిపరీక్ష చేయించి స్థిరపఱచుకొనవలెను.

ఉ) వట్టిదని నిశ్చయింపక ఎదకు తెచ్చు సూదిమందు వేయింపరాదు. ఆ మందులలో కొన్ని చూడి గేదెకు ఈసుకుపోవుటను కలిగించును.

ఒక్క గేదె కొఱకు వైద్యుని పిలిపించుట కష్టము కావచ్చును. సంఘ సభ్యులు తమ గేదెల తేదీలను ఒక పుస్తకమున చేర్చి, మాసమున కొక దినమును నిర్ణయించుకొన్నచో పది యిండ్ల పశువులను ఒక్కమాఱే పరీక్షింపజేయవచ్చును. వట్టి గేదెను మాసము దాటకమునుపే గుర్తించినవాడు తన మేతను, పాడిని రెంటిని కాపాడుకొన్నవా డగును.