లాగిన్ వెనక మనిషి

లాగిన్ పేజీ రాయడం ఎవరైనా తొందరగానే నేర్చుకుంటారు. లాగిన్ అయ్యాక ఆ మనిషిని ప్రోగ్రాం లోపల ఏ రూపంలో ఉంచుకోవాలన్నది మాత్రం ఏళ్లు గడిస్తేగానీ బోధపడదు. బ్యాంకులకీ ప్రభుత్వ సేవలకీ ప్రోగ్రాములు రాస్తూ తల నెరిసినవాణ్ణి. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్లకు చెప్పి తీరాలనుకున్నవి ఇవి.

1. మనిషినీ రుజువునూ ఒకేచోట పెట్టకండి.

కొత్తవాళ్లు రాసిన యూజర్ క్లాసు తెరిస్తే పేరు, పాస్‌వర్డ్, ఫోన్ నంబరు, అధికారాలు అన్నీ కలిసే ఉంటాయి. ఆ ఆబ్జెక్టు సెషన్‌లోకి వెళ్తుంది, జేసన్‌గా మారి బ్రౌజరుకీ వెళ్తుంది. దాని వెంట పాస్‌వర్డూ వెళ్తుంది. జావాలో సబ్జెక్ట్ అనే క్లాసు ఉంది, 2002లో 1.4 వెర్షన్‌తో జావాలో భాగమైంది. అందులో మూడు అరలు. మొదటిదాంట్లో ఆ మనిషి గుర్తింపులు, అంటే ప్రిన్సిపల్స్. రెండోదాంట్లో పబ్లిక్ కీ సర్టిఫికెట్ లాంటి, నలుగురికీ చూపదగ్గ రుజువులు. మూడోదాంట్లో పాస్‌వర్డు, ప్రైవేట్ కీ లాంటి గుట్టు. మూడో అర తెరవడానికి వేరే అనుమతి అడిగేలా దాన్ని రూపొందించారు. ఆ క్లాసును ఇవాళ మీరు నేరుగా వాడకపోవచ్చు. ఆ విభజన మాత్రం ఏ భాషలో రాసినా పాటించండి.

2. గుర్తింపు సంఖ్య రహస్యం కాదు.

దుకాణం గోడమీద యూపీఐ ఐడీ అందరికీ కనబడేలా అంటించి ఉంటుంది. పిన్ మాత్రం యజమాని మనసులో ఉంటుంది. ఆధార్‌లోని 12 అంకెలు ఫలానా మనిషని చెబుతాయి, వచ్చింది ఆ మనిషేనని తేల్చేది ఓటీపీయో వేలిముద్రో. చివరి నాలుగంకెలూ పుట్టిన తేదీ చెబితే ఖాతా చూపించేసే సేవల్ని నేను చూశాను. ఆ రెండూ జిరాక్స్ షాపులో మర్చిపోయిన కాగితం మీద కూడా ఉంటాయి.

3. మారిపోయేవాటిని ప్రైమరీ కీ చెయ్యకండి.

మన దేశంలో వాడకం ఆగిపోయిన మొబైల్ నంబరును 90 రోజుల గడువు దాటాక కంపెనీ ఇంకొకరికి ఇవ్వొచ్చు. నంబరే కీ అయితే కొత్త సిమ్ కొన్న మనిషి ఏ తప్పూ చెయ్యకుండానే పాతవాళ్ల ఖాతాలో తేలతాడు. పేరుదీ ఇదే గొడవ. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది. అమెరికా వెళ్లిన మనవాళ్లకు ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ గళ్లలో ఏది ఎక్కడ పడిందో ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న అమ్మాయి పాత సర్టిఫికెట్లతో తిరగాల్సి వస్తుంది. అందుకని ఏ అర్థమూ లేని సంఖ్య ఒకటి ఇవ్వండి. ఖాతా మూసేసినా ఆ సంఖ్యను మరొకరికి ఇవ్వకండి. పేరు మాత్రం ఆ మనిషి చెప్పినట్టే, ఒకే గడిలో రాసుకోండి.

4. రుజువు చూశాక వదిలేయండి.

2018 మేలో ట్విట్టర్, 2019 మార్చిలో ఫేస్‌బుక్ తమ సొంత సిస్టముల్లో పాస్‌వర్డులు చదవగలిగే రూపంలో మిగిలిపోయాయని ప్రకటించాయి. ట్విట్టర్‌లో హ్యాష్ పూర్తయ్యేలోపే లాగ్ ఫైలు వాటిని రాసేసుకుంది. కాబట్టి డేటాబేసు ఒక్కటే కాపాడితే చాలదు, పాస్‌వర్డు నడిచే దారంతా చూడాలి. జావాలో వాడే స్ప్రింగ్ సెక్యూరిటీ, ధ్రువీకరణ అయిపోగానే పాస్‌వర్డును ఆబ్జెక్టులోంచి తుడిచేస్తుంది. జావా స్వింగ్‌లోని పాస్‌వర్డ్ గడి స్ట్రింగుకు బదులు అక్షరాల వరస ఇచ్చేది కూడా పని అయ్యాక చెరపడానికి వీలుగానే. మీ క్లాసుకు టుస్ట్రింగ్ రాసేటప్పుడు కూడా పాస్‌వర్డు అందులో పడకుండా చూసుకోండి.

5. హ్యాష్ పద్ధతి సొంతంగా కనిపెట్టకండి.

హ్యాష్ చేసేముందు పాస్‌వర్డుకు సాల్ట్, అంటే యాదృచ్ఛిక విలువ, కలపాలని రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లోనే వివరంగా రాశారు. బీక్రిప్ట్ అనే హ్యాష్ పద్ధతి 1999లో వచ్చింది, ఆర్గాన్2 2015లో పాస్‌వర్డ్ హ్యాష్ పద్ధతుల పోటీలో గెలిచింది. వాటిని వాడుకోండి.

6. ఎవరి తరఫున ఎవరు చేస్తున్నారో రెండూ రాయండి.

అన్నిటికంటే నేను పట్టుబట్టేది ఇది. రైతు మీసేవ కేంద్రానికి వెళ్తాడు, లాగిన్ ఆపరేటరుది, దరఖాస్తు రైతుది. రికార్డులో ఒక్క పేరే ఉంటే రేపు తేడా వచ్చినప్పుడు వాళ్లిద్దరిలో ఒకరికి అన్యాయం జరుగుతుంది. యునిక్స్ దీన్ని ఏనాడో పట్టించుకుంది. అక్కడ ప్రతి ప్రాసెస్‌కీ నడిపిస్తున్న మనిషి ఐడీ ఒకటి, ఏ అధికారంతో నడుస్తోందో ఆ ఐడీ మరొకటి ఉంటాయి.

ఈ రెండు అధికారాలూ కలిసిపోతే ఏమవుతుందో నార్మ్ హార్డీ 1988లో రాశాడు. ఒక కంపైలరుకు తన డైరెక్టరీలో గణాంకాలు రాసుకునే అధికారం ఇచ్చారు. బిల్లుల ఫైలూ అక్కడే ఉంది. ఓ వాడుకదారు తనకు రావలసిన డీబగ్ సమాచారాన్ని ఆ ఫైలు పేరుతో రాయమన్నాడు. అతనికి దాన్ని ముట్టుకునే హక్కు లేదు, కంపైలరుకు ఉంది. బిల్లుల వివరాలు చెరిగిపోయాయి. ఇవాళ ఒక సర్వీసు ఇంకో సర్వీసును పిలిచే ప్రతిచోటా ఇదే ప్రమాదం పొంచి ఉంది. మీ సర్వీసు అధికారం మాత్రమే కాక, అడిగిన మనిషి గుర్తింపు కూడా చివరిదాకా వెళ్లాలి.

7. టోకెన్ నిన్నటి మాట కావచ్చు.

జేడబ్ల్యూటీ అనే టోకెన్ రూపం 2015లో ప్రమాణమైంది. అందులో మేనేజర్ అని రాసి ఉంటే, అది జారీ చేసిన క్షణంలో అతను మేనేజర్ అనే అర్థం. మధ్యాహ్నం ఉద్యోగం మానేసినా టోకెన్‌కు ఆ సంగతి తెలియదు. గడువు నిమిషాల్లో పెట్టండి. ఓపెన్ఐడీ కనెక్ట్ అనే లాగిన్ ప్రమాణంలో రుజువు చూపిన సమయానికి ప్రత్యేకంగా ఒక గడి ఉంది. డబ్బు బదిలీ, ఫోన్ నంబరు మార్పు లాంటి పనులకు ముందు ఆ సమయం చూసి, పాతదైతే మళ్లీ రుజువు అడగండి.