రంగు తరవాత, వాటం ముందు

ఆదివారం సాయంత్రం ఏ టైల్స్ షోరూముకైనా వెళ్లి చూడండి. భార్యాభర్తలు, పిల్లలు, సలహా చెబుతారని వెంటబెట్టుకొచ్చిన బావగారు, అందరూ రెండు లేత బూడిద రంగు టైల్స్ ముందు నిలబడి తల పట్టుకుంటుంటారు. ఆ రెంటికీ తేడా ఏమిటో అమ్మేవాడికీ సరిగా తెలియదు. బాత్రూములో నీళ్లు ఏ వైపు పోవాలని మేస్త్రీ అడిగితే మాత్రం, అదే ఇంటాయన "నీకు తెలియనిదేముంది, చూసి చేసెయ్" అని ఫోనులోనే తేల్చేస్తాడు.

ఇల్లు బాగుచేయించేటప్పుడు డబ్బు కంటే ముందే ఓపిక అయిపోతుంది. స్విచ్చి ఎక్కడ, కుళాయి ఎంత ఎత్తులో, తలుపు ఏ పక్కకు తెరవాలి అంటూ పొద్దున లేస్తే ప్రశ్నలే. అన్నిటి మీదా ఒకేలా బుర్ర పెడితే వారంలో అలసిపోయి, తరవాత ఎవరేమంటే దానికి తలూపేస్తాం. అందుకని ప్రతి నిర్ణయం ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది తప్పయితే రేపు ఏం పగలగొట్టాలి? గోడ రంగు నచ్చకపోతే ఇంకో డబ్బా తెచ్చి వేయించుకుంటాం. కర్టెన్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. గోడలోని పైపు కారితే మాత్రం టైల్స్ పగలాలి, కింది వాటా వాళ్లతో స్నేహమూ పగులుతుంది. హాలు పెద్దగా కనిపించాలని మధ్య గోడ తీయించే ముందయితే స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించి తీరాలి. చాలా పాత ఇళ్లలో శ్లాబు బరువంతా ఆ గోడల మీదే ఉంటుంది.

ఆ లెక్కన ముందు వరసలో ఉండేది బాత్రూము. పాత గచ్చు తవ్వి తీశాక వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ వేస్తారు. అది పూర్తిగా ఆరాక, టైల్స్ పరచక ముందే, నీళ్లు పోయే రంధ్రంలో గుడ్డ కుక్కించి రెండంగుళాల ఎత్తున నీళ్లు నింపించండి. నీటిమట్టం దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత గీయండి. 24 గంటలు, వీలైతే 48 గంటలు కదపకుండా వదిలేయండి. గీత కంటే కొద్దిగా తగ్గితే కంగారు పడొద్దు, కొన్ని నీళ్లు ఆవిరైపోతాయి. కింది గది సీలింగులో చెమ్మ కనిపించిందా, గీత బాగా కిందికి దిగిందా, కోటింగు మళ్లీ వేయాల్సిందే. పని ఆగిందని మేస్త్రీ మొహం ముడుచుకుంటాడు. ముడుచుకోనివ్వండి. టైల్స్ పరిచాక తలుపు దగ్గర ఒక బకెట్ నీళ్లు కుమ్మరిస్తే అన్నీ జాలీ వైపే పరుగెత్తాలి. రూపాయి బిళ్లతో అక్కడక్కడా టైల్స్ మీద తట్టండి, డొల్లగా మోగిన చోట కింద సిమెంటు సరిగా అంటలేదన్నమాట. ఇవన్నీ చివరి వాయిదా డబ్బు చేతిలో ఉండగానే చూసుకోవాలి. ఆ తరవాత ఫోను ఎత్తేవాళ్లు తక్కువ.

"అదంతా నేను చూసుకుంటా కదండీ" అని మేస్త్రీ అనగానే పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా చల్లబడిపోతారు. గట్టిగా అడిగితే నమ్మలేదనుకుంటాడని మొహమాటం. "మీరే చూసుకోండి మేస్త్రీ గారూ, మూసేముందు ఒక్కసారి నాకు చూపించండి" అనండి. మర్యాదకు లోటు లేదు, పనికీ లోటు ఉండదు. గోడల్లో వేసిన పైపులకు, వైర్లకు ప్లాస్టరింగ్ కాకముందే పక్కన టేపు ఆనించి ఫొటోలు తీసిపెట్టుకోండి. రేపు క్యాలెండరుకు మేకు కొట్టేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది. ఏసీకి, గీజరుకు వేర్వేరు లైన్లు, మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఈ రెండింటి దగ్గర బేరాలు వద్దు.

ఇక పైపై హంగులు. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు మన గడపలోనే దొరుకుతాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు కోసం విదేశాలవాళ్లు ఆర్డర్లు పెడతారు. మనమేమో అప్పుచేసి ఇటలీ మార్బుల్ వైపు చూస్తాం. చూడండి, తప్పు లేదు, హాల్లో పరుచుకోండి. వంటగట్టు మీదికి మాత్రం తేవద్దు. మార్బుల్ సున్నపురాయి జాతి, నిమ్మరసం పడ్డా చింతపండు పులుసు ఒలికినా మెరుపు పోయి మరక మిగులుతుంది. పులుసు కాగని తెలుగు వంటిల్లు ఎక్కడుంది? అక్కడికి గ్రానైటే సరి. గట్టు ఎత్తు కూడా క్యాటలాగు చూసి ఖాయం చేయకండి. రోజూ వంట చేసే మనిషిని నిలబెట్టి మోచేయి వంచమనండి, దానికి నాలుగైదు అంగుళాలు కిందుగా ఉంటే నడుం నొప్పి రాదు. గిన్నెలు తోమేవాళ్లకు ఓటు లేని వంటగది ఫొటోలకే పనికొస్తుంది. సింకు కింద అరకు ఎండీఎఫ్ పెడతానంటే ఒప్పుకోవద్దు, తడి తగిలితే ఉబ్బిపోతుంది. అక్కడ ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ పెట్టించండి. పడగ్గది అలమరలకు ఐఎస్ 303 చాలు, మిగిలిన డబ్బు ఇంకోచోట అక్కరకొస్తుంది.

బడ్జెట్‌కు గండికొట్టే మాట ఒకటుంది: "ఎలాగూ పని పెట్టుకున్నాం కదా, ఇది కూడా చేయించేద్దాం." అనేది ఇంట్లోవాళ్లే కాబట్టి కాదనడం కష్టం. అలాంటి కోరికలన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. పదిహేను రోజుల తరవాత కూడా అదే కోరిక ఉంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఫాల్స్ సీలింగుల్లో సగం అక్కడే రాలిపోతాయి.

రంగులకు ఒక్క రోజు కేటాయించండి, చాలు. ఫోను తెరలో చూసి ఎంచకండి. మూడు రకాలు తెప్పించి, గోడ మీద రెండడుగుల చదరాలు వేయించి, పగటి వెలుతురులో ఒకసారి, రాత్రి మీ ఇంట్లో వాడే బల్బుల కింద ఒకసారి చూడండి. షేడ్ కార్డులో లేతగా ఉన్నది గోడంతా పడేసరికి ముదురుగా అనిపిస్తుంది, ఒక మెట్టు తగ్గించుకోండి. గోడలో చెమ్మ ఉంటే ముందు దాని మూలం వెతకాలి. చెమ్మ మీద లప్పం పెడితే వానాకాలానికల్లా పొలుసులు లేస్తుంది. ఎంపిక అయిపోయాక షేడ్ కార్డు దుకాణానికి తిరిగిచ్చేయండి. గృహప్రవేశానికి వచ్చిన పెద్దమ్మ "ఇంకాస్త లేతగా ఉంటే బాగుండేదమ్మా" అనే అంటుంది. "అవును పెద్దమ్మా, భోజనానికి లేవండి" అంటే సరిపోతుంది.

మిగిలిన టైల్స్ వెనక్కి ఇచ్చేస్తే కొంత డబ్బు వస్తుందని షోరూమువాళ్లు ఆశపెడతారు. ప్రతి రకంలోనూ ఒక పెట్టె ఉంచేసుకోండి. వచ్చే ఏడాది అదే పేరుతో కొన్నా బ్యాచ్ మారితే రంగు కలవదు. పెట్టె మీద ఏ గదిదో స్కెచ్ పెన్నుతో రాసి అటక మీదికి ఎక్కించండి.