బండి ముందు టక్ టక్

ఆటో వదిన అంటే మా పేటలో అందరికీ తెలుసు. తెనాలిలో బ్యాటరీ ఆటో తోలుతుంది. ఆకుపచ్చ నంబరు పలక, దాని మీద పసుపు అక్షరాలు. పొద్దున బడిపిల్లలు. పగలు బజారు కిరాయిలు. సాయంత్రం మళ్లీ పిల్లలు. బండి మీద సంఘం అప్పు ఉంది. నెల నెలా కిస్తీ కట్టాలి.

ఒకరోజు బండి ముందు వైపు చప్పుడు మొదలైంది. గుంటలో పడితే టక్. బ్రేకు వేస్తే టక్. హ్యాండిల్ చేతిలో అదిరినట్టు ఉంటోంది.

డీజిలు ఆటో అయితే ఇంజను రొదలో ఈ చప్పుడు వినపడేదే కాదు. బ్యాటరీ బండికి ఆ రొద లేదు. అందుకే చిన్న చప్పుడు కూడా చెవిన పడుతుంది. ఇది మంచిదే. జబ్బు ముదరకముందే తెలుస్తుంది.

వదిన ఒక షెడ్డుకు వెళ్లింది. అక్కడి మేస్త్రి వంగి కూడా చూడలేదు. "మోటారు పోతోందమ్మా. విప్పాలి. పదివేలకు తక్కువ కాదు" అన్నాడు. వదినకు నోట మాట రాలేదు. పదివేలంటే రెండు కిస్తీలు! ఆ రాత్రి అన్నం సయించలేదు.

పడుకోబోతూ బండితో పాటు ఇచ్చిన పుస్తకం తీసింది. అందులో బండి బొమ్మ ఉంది. బాణం గుర్తుల పక్కన పేర్లు ఉన్నాయి. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. మో... టా... రు. ఆ బాణం వెనక ఇరుసు దగ్గర ఉంది. చాలా బ్యాటరీ ఆటోలలో మోటారు అక్కడే ఉంటుంది. చప్పుడేమో ముందు నుంచి వస్తోంది!

మర్నాడు వదిన వేరే మెకానిక్ దగ్గరకు వెళ్లింది. ఆయన పెద్దాయన. అందరూ బాబాయి అంటారు.

"చప్పుడు ఎప్పుడొస్తోంది అమ్మాయ్?" అని అడిగాడు బాబాయి.

"గుంటలో పడినప్పుడు, బ్రేకు వేసినప్పుడు."

"బండి నిలబెట్టి హ్యాండిల్ తిప్పితే?"

"అప్పుడు చప్పుడు లేదు. కానీ మధ్యలో పట్టేసినట్టు ఉంటోంది బాబాయ్."

"సగం పని నువ్వే చేశావు" అన్నాడు బాబాయి.

చప్పుడు ఎప్పుడు వస్తుందో చెప్పగలిగితే ఎక్కడ వస్తుందో వెతకడం తేలిక. నిలబడ్డ బండిలో హ్యాండిల్ తిప్పితే కిర్రుమంటే తీగలు ఎక్కడో రాసుకుంటూ ఉండవచ్చు. గ్రీజు ఎండిపోయి కూడా ఉండవచ్చు. బండి వేగం పెరిగేకొద్దీ గుయ్యిమనే మోత పెరిగితే చక్రం బేరింగు చూడాలి. గుంటలోనూ, బ్రేకుకూ టక్ మంటే ఏదో వదులై ఆడుతోందని అర్థం.

బాబాయి బండిని చదును నేల మీద పెట్టించాడు. తాళం తీయించాడు. వెనక చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు అడ్డం పెట్టాడు. ముందు భాగాన్ని జాకీతో లేపి, కింద గట్టి చెక్క దిమ్మ పెట్టాడు. ఒక్క జాకీని నమ్మి బండి కింద చెయ్యి గానీ తల గానీ పెట్టకూడదు.

తరువాత ముందు చక్రాన్ని కింది వైపు రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాడు. "ఫోర్కు బండిలోకి దూరే చోట వేలు పెట్టి చూడు" అన్నాడు. వదిన వేలు పెట్టింది. ఊపినప్పుడల్లా అక్కడ టక్ టక్ తగిలింది. ఆ ఆట కింద, చక్రం దగ్గర తగిలితే బుష్‌లు అరిగాయన్నమాట. చక్రాన్ని పక్కలకు ఊపినప్పుడు అది ఇరుసు మీద కదిలితే చక్రం బేరింగు. వదిన బండికి ఆ రెండూ బాగానే ఉన్నాయి.

"సైకిలు హ్యాండిల్ విప్పితే లోపల ఉక్కు గోళీలు ఉంటాయి చూశావా? ఇదీ అంతే" అన్నాడు బాబాయి. పైన ఒక గిన్నె, కింద ఒక గిన్నె. వాటిలో గోళీలు. షాపులో దీన్ని కోన్ సెట్ అంటారు. బండి ఎక్కువ సేపు తిన్నగానే పోతుంది కదా. అప్పుడు ప్రతి గుంట దెబ్బా ఒకే చోట తగులుతుంది. గోళీలు గిన్నెలో చిన్న చిన్న గుంటలు చేస్తాయి. హ్యాండిల్ మధ్యలో పట్టేసేది అందుకే.

ఉత్త వదులే అయితే నట్టు బిగిస్తే సరిపోతుంది. గిన్నెలో గుంటలు పడితే బిగించినా లాభం లేదు. సెట్టు మొత్తం మార్చాలి. అలాగే వదిలేస్తే? బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగవచ్చు. వెనక కూర్చున్నది బడిపిల్లలు.

విప్పి చూస్తే గ్రీజు లేదు. తుప్పు పట్టింది. "పైపు పెట్టి గట్టిగా నీళ్లు కొట్టించావా?" అన్నాడు బాబాయి. వదిన తల ఊపింది. ఆ నీటి దెబ్బకు గ్రీజు కొట్టుకుపోతుంది. డ్రైవరు సీట్లో పక్కన ఇద్దరిని ఎక్కించుకున్నా ముందు చక్రం మీద బరువు పడుతుంది. ఆ సంగతి బాబాయి అడగలేదు, వదిన చెప్పలేదు!

కొత్త సెట్టు వేసి, నిండా గ్రీజు పెట్టి బిగించాడు. బిగువు ఎంత ఉండాలి? చక్రం గాలిలో ఉన్నప్పుడు ఊపితే ఆడకూడదు. హ్యాండిల్ మాత్రం వేలితో నెడితే తేలిగ్గా తిరగాలి. మరీ బిగిస్తే హ్యాండిల్ బిర్రుగా అయి బండి తిన్నగా పోదు.

ఇంత పని జరిగినా బ్యాటరీ తీగల జోలికి ఎవరూ పోలేదు. చాలా బ్యాటరీ ఆటోలలో కరెంటు 48 వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది. ఇంట్లో 230 వోల్టులు కదా, ఇది తక్కువే అనుకోవద్దు. బ్యాటరీ రెండు కొనల మధ్య పానా పడితే నిప్పులు చిమ్ముతాయి. చెయ్యి కాలుతుంది. ఆ పని కంపెనీ మనిషిదే.

వదిన ముందు ఖాళీ బండి తోలి చూసింది. టక్ లేదు. సామానూ కూలీ కలిపి 1,400 రూపాయలు అయింది. "బిల్లు తెలుగులో రాయి బాబాయ్" అంది. ఆయన రాశాడు. వదిన ఒక్కో మాటా చదివి డబ్బు ఇచ్చింది.

"వారం తిరిగాక మళ్లీ తీసుకురా. కొత్త గిన్నెలు సర్దుకుంటాయి, కాస్త వదులు అవుతుంది. బిగిస్తాను" అన్నాడు బాబాయి.

చదవండి, రాయండి: గోళీ, గిన్నె, గ్రీజు, నట్టు, జాకీ, ఇరుసు.

చెప్పండి: బ్రేకు వేసినా, గుంటలో పడినా చప్పుడు లేదు. వేగంగా పోతే గుయ్యిమంటోంది. వదిన ఏం చూడమని అడగాలి?