రెయిల్స్ మార్చుకొన్న జావాస్క్రిప్టు లైబ్రరీలు: ఉద్యోగార్థులకొక పాఠము

వెబ్ రంగమున ప్రవేశింపగోరు మన విద్యార్థులు అమీర్‌పేట శిక్షణాలయముల వాకిళ్ళయందును, ఇంజనీరింగు కళాశాలల వసతిగృహములయందును మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటియే: ఏ జావాస్క్రిప్టు లైబ్రరీ నేర్చుకొన్నచో ఉద్యోగము దొరకును? తలిదండ్రులు అప్పుచేసి కట్టిన రుసుమును, చేతనున్న కొద్దిపాటి కాలమును తలచుకొని అడుగు ప్రశ్న గనుక దీనిని తేలికగా త్రోసివేయరాదు. అయితే ఇదే ప్రశ్నకు అసంఖ్యాకులైన ప్రోగ్రామర్ల పక్షమున సమాధానము నిర్ణయింపవలసివచ్చినవారు కొందరు కలరు. వారు ఫ్రేమ్‌వర్కుల నిర్మాతలు. క్రొత్త ప్రాజెక్టును సృష్టింపుమని ఆజ్ఞ యిచ్చిన క్షణమున మనము కోరకయే వచ్చి చేరు లైబ్రరీని డిఫాల్టు అందుము. దానిని ఎవరు, ఏ కారణమున ఎన్నుకొనిరో, తరువాత ఏ కారణమున విడిచిరో తెలిసికొన్న విద్యార్థికి, ఆ లైబ్రరీని మాత్రమే నేర్చిన విద్యార్థికంటె ఈ వృత్తిలో నిలకడ యెక్కువ యని నా దృఢవిశ్వాసము.

రూబీ ఆన్ రెయిల్స్ చరిత్ర ఇందుకు మంచి నిదర్శనము. డేవిడ్ హైనమైయర్ హాన్సన్ ఈ ఫ్రేమ్‌వర్కును బేస్‌క్యాంప్ అను ఉత్పత్తినుండి వేరుపరచి 2004లో విడుదల చేసెను. మరుసటి యేట, పుట మొత్తమును మరల తెప్పింపక అందలి కొంతభాగమును మాత్రమే మార్చు పద్ధతికి ఎజాక్స్ అను పేరు స్థిరపడుచున్న దినములలో, శామ్ స్టీఫెన్సన్ రచించిన ప్రోటోటైప్ లైబ్రరీ రెయిల్స్‌తోపాటు వచ్చుట ఆరంభమయ్యెను. ఒక బ్రౌజరులో నడచిన కోడు మరియొక దానిలో నడువని ఆ కాలమున, ఆ భేదముల నన్నిటిని తనలో దాచుకొని ప్రోగ్రామరుకు ఒకే ముఖమును చూపిన ప్రోటోటైప్ నిజముగా ఉపకారి. కాని అది అవలంబించిన మార్గమున ఒక ప్రమాద ముండెను: జావాస్క్రిప్టు భాషకు సహజమైన ఎర్రేలకును, బ్రౌజరు సృష్టించు ఎలిమెంట్లకును అది తన సొంత మెథడ్లను తగిలించెడిది. వ్రాయువానికి సుఖమే, కాని రేపు ఆ భాషయే అదే పేరుతో వేరొక మెథడును ప్రవేశపెట్టినచో గతి యేమి? ఇది కేవలము ఊహ గాదు. ఇదే మార్గమును అనుసరించిన మూటూల్స్ అను లైబ్రరీ ఎర్రేలకు ఫ్లాటెన్ అను మెథడును ఏనాడో తగిలించి యుండుటచేత, 2018లో భాషా ప్రమాణముల సంఘము అదే పేరుతో ఒక మెథడును చేర్చబోయినప్పుడు పాత వెబ్‌సైట్లు చెడిపోవుననెడు భీతి కలిగి, తుదకు దానికి ఫ్లాట్ అను వేరుపేరు పెట్టవలసివచ్చెను.

జాన్ రెసిగ్ 2006లో వెలువరించిన జేక్వెరీ ఎలిమెంట్లను ముట్టుకొనక, వానిని తన సొంత ఆబ్జెక్టులో పొదిగికొని పనిచేసెను. 2007లో డ్రూపల్ 5 దానిని తనతో కలుపుకొనెను. 2008లో మైక్రోసాఫ్ట్ సంస్థ తన విజువల్ స్టూడియోతోపాటు దానిని అందింతునని ప్రకటించెను. లోకమిట్లు జేక్వెరీ వైపు మరలుచుండగా రెయిల్స్ మాత్రము 2011 వరకును ప్రోటోటైప్‌తోనే యుండుటకు కారణము అభిమానము మాత్రమే కాదు. రెయిల్స్ హెల్పర్లు తాము ఉత్పత్తిచేయు హెచ్‌టిఎమ్‌ఎల్‌లో, ఆన్‌క్లిక్ అను స్థానమున, ప్రోటోటైప్ కోడునే నేరుగా ముద్రించుచుండెను. అందుచేత లైబ్రరీని మార్చుట యనగా, గోడలో పెట్టి కట్టివేసిన స్తంభమును పెరుకుట వంటి పని.

ఈ చిక్కును విప్పిన విధానమే విద్యార్థులు సావధానముగా పరిశీలింపదగినది. 2010లో వచ్చిన రెయిల్స్ 3.0లో డిఫాల్టును మార్చలేదు. మొదట ఆ బంధమును త్రెంచిరి. లింకునందు కోడును ముద్రించుటకు మారుగా డేటా-రిమోట్ వంటి ఒక గుర్తును మాత్రము ఉంచి, ఆ గుర్తును చదివి కార్యమును నిర్వర్తించు భారమును ఒక చిన్న ప్రత్యేకమైన ఫైలుకు అప్పగించిరి. హెచ్‌టిఎమ్‌ఎల్ తన కోరికను చెప్పును; దానిని ఎవరు తీర్చుదురో దానికి అక్కరలేదు. ఆ చిన్న ఫైలు ప్రోటోటైప్‌కు ఒకటి, జేక్వెరీకి ఒకటి యుండవచ్చును. ఇంత జరిగిన పిమ్మట, 2011లో రెయిల్స్ 3.1 జేక్వెరీని డిఫాల్టుగా స్వీకరించినప్పుడు, ప్రోటోటైప్‌ను విడువజాలనివారికి వేరుగా జెమ్ అను ఒక రూబీ ప్యాకేజీ లభించెను. ప్రాజెక్టు సృష్టించు ఆజ్ఞలో -j అను ఆప్షనుతో తమకు కావలసిన లైబ్రరీని కోరుకొను వెసులుబాటును కలిగెను. ముందు విడదీసి పిమ్మట మార్చుట యను ఈ క్రమమును గ్రహించినవాడు ఏ సంస్థలో నున్నను, ఏ భాషలో వ్రాసినను, పెద్ద మార్పును భయపడక చేయగలడు.

తరువాతి కథ త్వరగా నడచును. ఎలిమెంట్లను వెదకుట, సర్వరును పలుకరించుట మున్నగు పనులను బ్రౌజర్లే నేర్చుకొనిన పిదప జేక్వెరీ యవసరము తగ్గెను. 2017లో రెయిల్స్ 5.1 దానిని డిఫాల్టునుండి తొలగించెను. 2019లో రెయిల్స్ 6, జావాస్క్రిప్టు ఫైళ్ళను కూర్చి మూటకట్టు వెబ్‌ప్యాకర్‌ను నెత్తికెత్తుకొనెను. 2021 డిసెంబరులో రెయిల్స్ 7, మాడ్యూళ్ళను బ్రౌజర్లు స్వయముగానే తెచ్చుకొనగలవు గనుక, దానిని దింపి ఇంపోర్ట్ మ్యాప్స్‌ను, టర్బో, స్టిమ్యులస్ అను లైబ్రరీల జంటను స్వీకరించెను. ఇప్పటికిని -j అను ఆప్షను కలదు. కాని నాడు అది లైబ్రరీని అడుగగా, నేడు ఫైళ్ళను బ్రౌజరుకు చేర్చు పద్ధతిని అడుగుచున్నది. పదేండ్లలో ప్రశ్నయే మారినది!

ఇక ఇంటర్వ్యూల సంగతి. రియాక్ట్ మేలా, వ్యూ మేలా యని అడిగినప్పుడు అభ్యర్థి ఒక పేరు చెప్పి ఊరకుండుట తగదు. మన జట్టులో ఎందరికి ఏది తెలియును, వాడువారి ఫోన్లు ఎంత బరువును మోయగలవు, ఆ లైబ్రరీని పోషించువారు ఒక్కరా, ఒక సంఘమా, దాని లైసెన్సు ఎట్టిది యని వరుసగా విచారించి చెప్పువాని మాటకు విలువ యుండును. లైసెన్సు సంగతి చిన్నది కాదు. రియాక్ట్ లైసెన్సులోని పేటెంటు నిబంధనలను 2017లో అపాచీ సంస్థ అంగీకరింపలేదు. వర్డ్‌ప్రెస్ నాయకుడు మ్యాట్ మల్లెన్‌వెగ్ ఆ సంవత్సరము సెప్టెంబరులో తాము రియాక్ట్‌ను వదలుకొందుమని ప్రకటించెను. కొలది దినములకే రియాక్ట్ నిర్మాతయైన ఫేస్‌బుక్ దానిని ఎమ్ఐటి లైసెన్సునకు మార్చెను, వర్డ్‌ప్రెస్ రియాక్ట్‌తోనే ముందుకు సాగెను. వేగముగాని సొగసుగాని ఆ వివాదమున ప్రసక్తికే రాలేదు.

మరియొక మాట. ఉద్యోగమున చేరిన క్రొత్తలో మీకు అప్పగింపబడు ప్రాజెక్టు తరచుగా పాతదై యుండును. అందు జేక్వెరీయే యుండవచ్చును. దానినిచూచి నిరుత్సాహపడకుడు. పాత వెర్షనునుండి క్రొత్త వెర్షనుకు తెచ్చుటకు రెండు తరముల కోడును చదువగలవారు కావలెను. అట్టివారు ఏ జట్టుకైనను విలువైనవారే.

అందుకు సాధన చేయదలచినచో, ఒక పట్టికలోని వరుసను పుట మరల తెరువకయే తొలగించు చిన్న పనిని తీసికొనుడు. ముందు ఏ లైబ్రరీయు లేక, బ్రౌజరిచ్చు ఫెచ్‌తో వ్రాయుడు; పిమ్మట జేక్వెరీతోను, అటుపిమ్మట టర్బోతోను వ్రాయుడు. ప్రతి పర్యాయమును బ్రౌజరులోని నెట్‌వర్క్ ట్యాబును తెరచి, సర్వరునకు పోయిన కోరికలో ఏ హెడర్లున్నవో, తిరిగివచ్చినది హెచ్‌టిఎమ్‌ఎలా, జేసనా, జావాస్క్రిప్టా అని పోల్చిచూడుడు. తరువాత రెయిల్స్ 3.0 మొదలు 7.0 వరకు గల విడుదల ప్రకటనలలో జావాస్క్రిప్టును గూర్చిన భాగములను క్రమముగా చదివి, ప్రతి మార్పునకును నిర్మాతలు చూపిన కారణమును మీ మాటలలో ఒక్కొక్క పేరాగా వ్రాసికొనుడు. ఆ కారణములలో మీరు అంగీకరింపనివి యున్నచో, ఎందుకు అంగీకరింపరో కూడ వ్రాసి, మూడు రూపముల కోడుతోపాటు మీ గిట్‌హబ్ ఖాతాలో ఉంచుడు.