చక్కెర గోడలు

ఏలూరునకు దక్షిణమున, కృష్ణా గోదావరీ నదుల డెల్టాల నడుమ కొల్లేటి సరస్సు కలదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మున్నగు ఏరులు తమ నీటిని దీనిలో కలుపును. ఉప్పుటేరు ఆ నీటిని బంగాళాఖాతమునకు గొనిపోవును. 1999లో ఈ ప్రదేశము వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సర్ ఒడంబడిక ననుసరించి అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడినది. ఇచ్చట గట్టుల వెంబడి కిక్కిస దట్టముగా పెరుగును. నీటిమీద గుర్రపుడెక్క తేలియాడును. సరస్సు చుట్టును, ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వరకును, వరిచేలు కన్నులపండువు గావించును.

ఈ మొక్కలలో దేనికిని ఎముకలు లేవు. అయినను వరిపైరు గాలికి తలయూచి మరల నిటారుగా నిలుచును. కిక్కిస మనుష్యుని తలను మించి ఎదుగును. వీనికి ఈ బలము ఎక్కడినుండి వచ్చినది? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞునకు మాత్రమే సంబంధించినది కాదు. పైరు నిలిచిననే రైతు కుటుంబము నిలుచును. కావున రైతునకును దీనితో గాఢమైన సంబంధము కలదు.

1665లో ఇంగ్లాండు దేశీయుడగు రాబర్టు హుక్ పలుచని బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, తేనెపట్టులోని గదులవంటి మిక్కిలి చిన్న గదులను చూచెను. వానికే కణములను పేరు కలిగినది. ఆ బెండులో జీవము లేదు. హుక్ చూచినవి నిజమునకు ఖాళీ గదుల గోడలే. ప్రతి వృక్షకణము చుట్టును ఉండు ఆ గోడను కణకవచమందురు. జంతువుల కణములకు ఇట్టి గోడ లేదు.

ఈ గోడ దేనితో కట్టబడినది? దీనిలో అధికభాగము చక్కెరయే యని విన్నచో ఆశ్చర్యము కలుగును. ఆకు సూర్యకాంతిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును, నీటిని ఉపయోగించి చక్కెరను తయారుచేయును. ఆ చక్కెరలో ఒక రకము గ్లూకోజు. వేలకొలది గ్లూకోజు అణువులు వరుసగా కూడి గొలుసైనచో సెల్యులోజు ఏర్పడును. పెక్కు గొలుసులు ఒకదాని ప్రక్క నొకటి బిగిసి గట్టి నారపోగులగును.

వరిగింజలోని పిండి కూడ గ్లూకోజు గొలుసే. అయితే ఆ గొలుసులో అణువులు కలిసికొను తీరు వేరు. మన జీర్ణకోశము పిండిని విడదీయగలదు, సెల్యులోజును విడదీయజాలదు. ఎద్దు, గేదె మొదలగు నెమరువేయు జంతువుల కడుపులో నివసించు సూక్ష్మజీవులు ఆ పనిని నెరవేర్చును. ఒకే చేనిలో పండిన గింజ మనుష్యునకును, గడ్డి పశువునకును ఆహారమగుటకు కారణమిదియే.

పల్లెలలో తడికగోడను కట్టు విధము చూచినచో కణకవచ నిర్మాణము చక్కగా బోధపడును. ముందు వెదురుబద్దలను నిలుపుదురు. వానిని త్రాళ్లతో బంధింతురు. పిమ్మట సందులలో మట్టిని మెత్తుదురు. కణకవచమున సెల్యులోజు పోగులు వెదురుబద్దలవంటివి. హెమిసెల్యులోజులను ఇతర చక్కెర గొలుసులు కట్లవంటివి. పెక్టినను జిగురు పదార్థము మెత్తిన మట్టివంటిది. అన్ని మొక్కలలోను ఇవి ఒకే పాళ్లలో నుండవు. వరి, కిక్కిస మొదలగు గడ్డిజాతులలో పెక్టిను తక్కువ. వరి తన గోడలలో సిలికాను కూడ చేర్చుకొనును. వరి ఆకు అంచు చేతికి గరుకుగా తగులుటకు అది యొక కారణము.

పెక్టిను చేయు పనిని మన ప్రాంతమువారు చిరకాలముగా ఎరుగుదురు. గోగుకట్టలను నీటిలో నానవేసినచో సూక్ష్మజీవులు నారను అంటిపట్టుకొనియున్న పెక్టినును కరిగించును. సెల్యులోజుతో కూడిన నారమాత్రము చెడక మిగులును. అప్పుడు దానిని సులభముగా ఒలువవచ్చును. తాడేపల్లిగూడెము చేరువనున్న వెంకటరామన్నగూడెమున 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయము వెలసినది. అట్టి చోట్ల విద్యార్థులు పండ్లను గూర్చి చదువునప్పుడు పెక్టిను ప్రస్తావన తప్పక వచ్చును. గట్టి జామకాయ మెత్తని పండగుటకు దానిలోని పెక్టిను క్రమముగా కరుగుటయే ముఖ్యకారణము.

ఇక మొక్క పెరుగు విధమును పరిశీలింతము. కణములోనికి నీరు ప్రవేశించినప్పుడు లోపల పీడనము పుట్టును. అది కారు చక్రములోని గాలి పీడనమునకు రెండు మూడు రెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ఉండును. ఈ పీడనము తగ్గినప్పుడే నీరు లేని మొక్క వాడిపోవును. గోడ మిక్కిలి గట్టిదైనచో కణము పెరుగజాలదు. మిక్కిలి మెత్తనిదైనచో పగిలిపోవును. కావున గోడ కొంచెము సడలవలెను, సాగవలెను. అదే సమయమున క్రొత్త చక్కెర గొలుసులతో బలపడుచుండవలెను. పీపాకు ఇనుపకట్లు వేసినట్లు సెల్యులోజు పోగులు కణము చుట్టును చుట్టుకొనియుండుటచే కణము అడ్డముగా ఉబ్బక నిలువుగా సాగును.

గోడను సడలించునది యేది? 1992లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమున డేనియల్ కాస్‌గ్రోవ్ బృందమువారు దోసమొలకలపై పరిశోధించి ఎక్స్‌పాన్సినులను ప్రోటీనులను కనుగొనిరి. అవి చక్కెర గొలుసులను త్రెంపవు. పోగుల నడుమనున్న పట్టును మాత్రము సడలించును. గోడలో ఆమ్లత్వము పెరిగినప్పుడు అవి చురుకుగా పనిచేయును.

చక్కెరతో కూడిన ప్రోటీనులకు గ్లైకోప్రోటీనులని పేరు. 1960లో డెరెక్ లాంపోర్టు అను శాస్త్రజ్ఞుడు కణకవచమున హైడ్రాక్సీప్రోలీను అధికముగా గల ప్రోటీను ఉన్నదని తెలిపెను. దానికి ఎక్స్‌టెన్సినని పేరిడిరి. అది గోడను సాగదీయునని ఆనాడు తలచిరి. తరువాతి పరిశోధనలలో అది వలవలె అల్లుకొని గోడను బిగించునని తేలినది. పెరుగుదల ముగిసినప్పుడును, మొక్కకు గాయమైనప్పుడును, తెగులు సోకినప్పుడును ఆ వల మరింత బిగియును. పేరు సాగుటను సూచించినను పని బిగించుటయే. వేరొక జాతి గ్లైకోప్రోటీనులలో చక్కెర పాలు ప్రోటీనుకంటె ఎంతయో అధికము. బాలురు కాగితములు అంటించు తుమ్మబంకలో అరబినోజు, గెలాక్టోజు అను చక్కెరలు మెండుగాను, ప్రోటీను స్వల్పముగాను ఉండును. అదియు ఈ కోవకు చెందిన పదార్థమే.

సూక్ష్మదర్శినిలో మాత్రమే కనబడు ఈ గోడపై రైతు బ్రదుకు ఎట్లు ఆధారపడియున్నదో గమనింపుడు. 2003లో చైనా శాస్త్రజ్ఞులు కాండము పెళుసుగా నుండి సులభముగా విరుగు ఒక వరి రకమును పరిశోధించిరి. కణకవచ నిర్మాణమునకు తోడ్పడు ఒక ప్రోటీను లోపించుటచే దానిలో సెల్యులోజు తగ్గినదని కనుగొనిరి. గోడ బలహీనమైనచో కంకి బరువును కాండము మోయజాలదు. బలమైన పైరుకును ప్రమాదము లేకపోలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినప్పుడు గోదావరి జిల్లాలలో కోతకు వచ్చిన వరి నేలకొరిగినది. ఆరుమాసముల శ్రమ ఒక్క రాత్రిలో నీటి పాలగుట ఎంత దుఃఖకరము!

వరద వలని ఆపద వేరొక విధమైనది. పశ్చిమగోదావరి జిల్లాలోని మారుటేరు వరి పరిశోధనా కేంద్రము 1982లో స్వర్ణ అను రకమును విడుదల చేసినది. ఎం.టి.యు. 7029 అనునది దాని సంఖ్య. అది ఆంధ్రదేశమునే గాక తూర్పు భారతమున అనేక రాష్ట్రములకు వ్యాపించినది. అయితే లేతపైరు పూర్తిగా మునిగినప్పుడు స్వర్ణ తట్టుకొనలేదు. మునిగిన మొక్క నీటిపైకి తల యెత్తవలెనను ఆత్రముతో గోడలను సడలించి ఆకులను సాగదీయును. నీటి అడుగున వెలుతురును, గాలియు తక్కువ. క్రొత్త చక్కెర పుట్టదు. నిలువయున్న చక్కెర పెరుగుదలకే ఖర్చగును. నీరు తీసిన పిమ్మట తేరుకొనుటకు శక్తి యుండదు.

ఒడిషా ప్రాంతపు ఎఫ్.ఆర్. 13ఎ అను వరి మాత్రము మునిగినప్పుడు పెరుగుట మాని వేచియుండును. దీనికి కారణమైన సబ్1ఎ జన్యువును 2006లో గుర్తించిరి. ఆ జన్యువు ఎక్స్‌పాన్సినుల తయారీని తగ్గించి గోడల సాగుదలను అరికట్టును. చక్కెర వ్యయమును అదుపులో నుంచును. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు ఆ గుణమును సంకరము ద్వారా స్వర్ణలో ప్రవేశపెట్టిరి. అట్లు సిద్ధమైన స్వర్ణ సబ్1 రకము 2009లో మన దేశమున విడుదలైనది. అది సుమారు రెండు వారములు మునిగియుండియు మరల చిగుర్చగలదు.

ఎల్లవేళల వేచియుండుటయే మంచిదని తలపరాదు. నెలల తరబడి లోతునీరు నిలుచు బంగ్లాదేశము వంటి చోట్ల పండు లోతునీటి వరి ఇందుకు విరుద్ధముగా ప్రవర్తించును. అది దినమునకు ఇరువది సెంటీమీటర్లకు పైగా పెరిగి, నీటితో పోటీపడి ప్రాణము కాపాడుకొనును. కొద్దిదినముల వరదకు ఓర్పు తగినది, దీర్ఘకాలపు వరదకు ఎదుగుట తగినది. రెండు ఉపాయములును కణకవచమునందే నెరవేరుచున్నవి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, ఆ వరద కొల్లేటికి చేరి లంకగ్రామములను, పొలములను ముంచినది. అట్టి వరదలు ఇకముందును రావచ్చును. ఏ చేనికి ఏ రకము తగునో, ఏ మొక్క తన చక్కెరను ఎట్లు వెచ్చించునో తెలిసిన రైతు నష్టమును కొంతవరకైనను తగ్గించుకొనగలడు. ఎప్పుడు పెరుగవలెనో, ఎప్పుడు ఆగవలెనో ఎరిగిన మొక్కయే వరదను దాటి బ్రదుకును. ఈ వివేకము మనుష్యులకును అవసరమైనదే.

ప్రశ్నలు

1. కణకవచమును తడికగోడతో పోల్చి వివరింపుము.
2. వరిగింజ మనుష్యునకు, వరిగడ్డి పశువునకు ఆహారమగుటకు కారణమేమి?
3. ఎక్స్‌పాన్సినుల పనికిని ఎక్స్‌టెన్సినుల పనికిని గల భేదమేమి?
4. వరదలో మునిగినప్పుడు స్వర్ణ, స్వర్ణ సబ్1 రకములు ప్రవర్తించు తీరును తెలుపుము.
5. మీ ఊరిలో గోగునారను తీయు విధమును పెద్దలనడిగి తెలిసికొని వ్రాయుము.